సెన్సర్ మార్చే ముందు ఒకసారి గేజ్ పెట్టి చూడండి

ఇంజిన్ ఆయిల్ ప్రెషర్ తగ్గిందని చెప్పే ఎర్ర లైటు మిణుకుమంటే, ఆ ప్రెషర్‌ని పసిగట్టే సెన్సర్ మార్చేయండి, చవకే కదా అని ఈమధ్య ఒక వ్యాసంలో చదివాను. ఆ సలహా నాకు సగమే నచ్చింది. మా 2004 మోడల్ కారుకి ఇదే వచ్చింది. పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు ఏమీ ఉండదు, ఇంజిన్ వేడెక్కి సిగ్నల్ దగ్గర ఆగితే మాత్రం ఎర్ర లైటు. ఒక గ్యారేజీలో ఆయిల్ పంపు పోయిందనేశారు. టెన్షన్‌తో రెండు రోజులు బండి తీయలేదు.

మా వీధి చివర మెకానిక్ పెద్దాయన మాత్రం ముందు డిప్‌స్టిక్ తీసి ఆయిల్ సరిపడా ఉందో లేదో చూశారు. తర్వాత సెన్సర్ వైరు పీకారు. లైటు ఆరింది, అంటే వైరు ఎక్కడా బాడీకి తగలడం లేదు; తగులుతుంటే వైరు పీకినా లైటు వెలుగుతూనే ఉండేది. కనెక్టర్ లోపల తుడిస్తే గుడ్డకి నల్లగా ఆయిల్ అంటింది, అంటే సెన్సర్ లోంచే ఆయిల్ కారుతోందన్నమాట. అయినా అక్కడితో ఆగలేదు. సెన్సర్ విప్పి అదే రంధ్రంలో ప్రెషర్ గేజ్ బిగించారు. వేడి ఇంజిన్ మీద, ఐడిల్‌లో (యాక్సిలరేటర్ తొక్కకుండా) 18 పీఎస్‌ఐ (ప్రెషర్ కొలత), 2000 ఆర్‌పీఎం దగ్గర 40 పీఎస్‌ఐ. పంపు భేషుగ్గా ఉంది! కొత్త సెన్సర్ వేశాక లైటు మళ్లీ రాలేదు.

గేజ్‌లో కూడా ప్రెషర్ తక్కువ చూపిస్తే, లేదా ఇంజిన్ టకటకలాడుతుంటే, దయచేసి కారు నడపొద్దు. లాగించుకుని వెళ్లండి.