పది మంది పిల్లలున్న బడి మూసేయాలట!

మా టెన్త్ బ్యాచ్ గ్రూపులో తిరుగుతున్న మెసేజ్ మీకూ వచ్చే ఉంటుంది. శ్రీకాకుళం నుంచి ఇచ్ఛాపురం దాకా అందరి ఫోన్లలోనూ అదే. "సర్కారు బడుల గురించి ఎవరూ చెప్పని నిజాలు" అని హెడ్డింగు, కింద "పది గ్రూపులకు పంపండి" అని ఆర్డరు. సారాంశం ఇది: టీచర్లు అవసరానికి మించి ఉన్నారు, హాజరంతా దొంగ హాజరు, టీచర్ల పిల్లలు మాత్రం కాన్వెంటులో చదువుతారు, ప్రైవేటు టీచర్లు సర్కారు టీచరు జీతంలో పావు జీతానికే చెబుతున్నారు. కాబట్టి పది పదిహేను మంది ఉన్న బడులన్నీ మూసేసి పెద్ద బడిలో కలిపేయాలి. ఇది ఫార్వర్డ్ చేసినవాళ్లలో సగం మంది అలాంటి బడిలో చదివి గట్టెక్కినవాళ్లే. అందుకే ఒళ్లు మండింది.

చిల్లర పాయింట్లు ముందు తేల్చేద్దాం. "ఏడాదిలో సగం సెలవులే." ఆ సెలవులు టీచరు ఇచ్చుకున్నవి కావు. తర్వాతది. "తల్లికి వందనం డబ్బుల కోసమే పేర్లు రాయిస్తున్నారు." ఆ డబ్బు ప్రైవేటు బడి పిల్లల తల్లులకూ పడుతోంది బాబూ.

ఇక హాజరు. మందస, సోంపేట వైపు జీడి తోటల్లో పిక్కలు ఏరే రోజుల్లో ఇంటిల్లిపాదీ తోటకే పోతారు, పిల్లలు వెంట పోతారు. తీరంలో తండ్రి గుజరాత్‌లో వెరావల్ బోటు మీద ఉంటాడు. ఇంకో ఇంట్లో తల్లీ తండ్రీ ఇద్దరూ హైదరాబాద్‌లోనో చెన్నైలోనో బిల్డింగు పనిలో ఉంటారు. పిల్ల కొన్నాళ్లు అమ్మమ్మ దగ్గర, కొన్నాళ్లు సైటు దగ్గర. ఆ పేరు కొట్టేస్తే మెసేజ్ రాసినాయనకు లెక్క శుభ్రంగా కనిపిస్తుంది, పిల్ల మాత్రం బడి బయట ఉంటుంది. రాని పిల్లకు హాజరు వేసే బడులు లేవని నేననను. అది తప్పే. కానీ దానికి విరుగుడు బడికి తాళం కాదు.

"టీచర్లు ఎక్కువ" అన్నది సగటు లెక్క. ఊరి భూమంతా కలిపి తలా రెండెకరాలని చెప్పి, సెంటు లేనివాణ్ణి కూడా రైతుని చేసినట్టు ఉంది. 60 మంది లోపు పిల్లలున్నా ఇద్దరు టీచర్లుండాలని విద్యాహక్కు చట్టంలో ఉంది. చాలాచోట్ల ఉన్నది ఒక్కరు. ఒకటో తరగతికి పలకలిచ్చి, మూడో తరగతికి బోర్డు మీద తీసివేతలు వేసి, అయిదో తరగతిని "మీరు చదువుకోండి" అని కూర్చోబెట్టి, ఫోన్ పట్టుకుని సిగ్నల్ కోసం బోరింగు దగ్గరికి పరుగు. హాజరు ఎక్కించాలి కదా. ఈలోగా వంట చేసే ఆమె వచ్చి ఈరోజు గుడ్లు ఎన్నని అడుగుతుంది. ఆ టీచరుకి జ్వరమొస్తే పక్క ఊరి టీచర్ని సర్దుతారు, అప్పుడు ఆ ఊరి బడి ఖాళీ. ఎక్కువైన టీచర్లు ఎక్కడున్నారో మెసేజ్ రాసినాయన చెబితే వెళ్లి తీసుకొస్తాం.

ఇక అసలు విషం, "కలిపేయాలి" అన్నది. నాయనా, ఆ మందు మనం మింగేశాం! 2022లో 117 జీవో వచ్చింది. 3, 4, 5 తరగతుల్ని చాలాచోట్ల హైస్కూళ్లలో కలిపారు. ఊరి బడిలో మిగిలింది రెండు తరగతులు, చాలా ఊళ్లలో ఒక టీచరు. 2024-25 యూడైస్ (కేంద్రం తీసే బడుల వివరాలు) లెక్కల్లో ఏకోపాధ్యాయ పాఠశాలలు ఎక్కువున్న రాష్ట్రం ఏదో తెలుసా? ఉత్తరప్రదేశ్ కాదు, మనమే. 12,912. చివరికి 2025లో ఆ జీవోనే వెనక్కి తీసుకుని, తరగతికో టీచరు ఉండేలా ఆదర్శ ప్రాథమిక పాఠశాలలు పెడతామన్నారు. మెసేజ్ రాసినాయన ఇంటికి పేపరు రాదనుకుంటా.

కలిపిన బడికి దూరం కాగితం మీద ఎంతైనా కావచ్చు. ఎనిమిదేళ్ల పిల్ల పదహారో నంబరు హైవే దాటాలి, లేదా వానాకాలం గెడ్డ (వాగు) దాటాలి. తల్లి పొద్దున్నే ఉపాధి పనికి పోతుంది. ఎవరు దించుతారు? స్తోమత ఉన్నవాడు వీధిలోకొచ్చే ప్రైవేటు బస్సు ఎక్కిస్తాడు. లేనివాడి కూతురు తమ్ముణ్ణి ఎత్తుకుని ఇంట్లో ఉంటుంది. బడిలో లెక్క ఇంకా పడిపోతుంది, ఈయనకు ఇంకో మెసేజ్‌కి సరుకు దొరుకుతుంది.

టీచర్ల పిల్లల సంగతంటారా, దానికి నా దగ్గర జవాబు లేదు. మా చుట్టాల్లోనే టీచర్లున్నారు. వాళ్ల పిల్లలు పసుపు బస్సే ఎక్కుతారు. పండక్కి కలిసినప్పుడు ఎందుకని అడిగితే "అన్నం తిన్నావా" అంటారు. ఈ ఒక్క పాయింటు మీకే రాసిచ్చాను.

"పావు జీతానికే చెబుతున్నారు" అన్నది మిగిలింది. 2018 తర్వాత మళ్లీ డీఎస్సీ, అంటే సర్కారు టీచర్ల నియామకాలు జరిగింది 2025లో, 16,347 పోస్టులకు. దరఖాస్తులు లక్షల్లో వచ్చాయి. పావు జీతానికి ఆనందంగా చెబుతున్నారనుకుంటున్న ఆ ప్రైవేటు టీచర్లే పగలు పాఠం చెప్పి రాత్రి దానికి చదివారు. మన గ్రూపులోనే ఉన్నారు, అడగండి.