పింక్ పూల కొమ్మ మీది కోకిల గారికి

ఉగాది నాడు తెల్లారకముందే ఫోన్లో వచ్చి వాలే గ్రీటింగ్ బొమ్మ కోకిల గారికి,

నమస్కారాలు. ఈసారి మార్చి 19న, పరాభవ నామ సంవత్సరం మొదటి రోజున, తమరు నా దగ్గరికి 17 సార్లు దయచేశారు. అపార్ట్‌మెంట్ గ్రూపులో ఆరుసార్లు, ఆఫీసు గ్రూపులో నాలుగు, చుట్టాల గ్రూపులో అయిదు. మిగిలిన రెండింట్లో ఒకటి ఇన్సూరెన్స్ ఏజెంటుది. రెండోది ప్లాట్లు అమ్మే ఒకాయనది. ఆయన తమరి మెడలో తన ఫోన్ నంబరు కూడా వేలాడదీశాడు. అన్నిట్లోనూ అదే కొమ్మ, అవే పింక్ పూలు, పక్కన అదే రాగి చెంబు, మామిడాకులు.

ముందు తమరి ముక్కు సంగతి. అది నిమ్మపండు పసుపు. మా కోకిల ముక్కు వెలిసిపోయిన పచ్చరంగులో ఉంటుంది, కళ్ళు మాత్రం నిప్పుకణికలు. తమరి కళ్ళేమో నల్లగా, మహా అమాయకంగా ఉన్నాయి. ఎవరో డిజైనరు అర్ధరాత్రి హడావిడిలో 'నల్ల పిట్ట' అని వెతికితే, యూరప్ తోటల్లో వానపాముల కోసం గెంతుతూ తిరిగే ఏదో పిట్ట దొరికి ఉంటుంది. దానికే కుంకుమ బొట్టు ఒక్కటి తక్కువగా మా పండక్కి తోలేశారు. ఇక ఆ పూలు జపాన్ చెర్రీ. మీ ఇద్దరూ ఎక్కడ కలిశారో, ఎవరు పెళ్ళి కుదిర్చారో నాకు తెలీదు.

మామిడి పూత పెడితే సరిపోయేదిగా అంటారేమో. అక్కడా చిక్కే. ఉగాది పచ్చడిలోకి మామిడికాయ తరుగుతున్నామంటే అర్థం ఏమిటి? పూత రాలి, పిందె కట్టి, కాయై, ధర కూడా పెరిగి మార్కెట్‌కి వచ్చేసిందని. ఆ పూత వచ్చింది సంక్రాంతికి అటూ ఇటూ. పంచాంగం అప్పుడు హేమంతంలో దుప్పటి కప్పుకుని ఉంది. పంతులుగారు మైకు ముందు వసంత రుతువు ఆగమనాన్ని ప్రకటిస్తుంటే కింద శ్రోతలందరూ పంచాంగం కాపీలతోనే విసురుకుంటున్నారు. మా వైపు వసంతం అంటే అంతేనండీ, పిలుపు అందేలోపే వచ్చి భోంచేసి వెళ్ళిపోయే చుట్టం.

అందుకే ఈ ఏడు ఆ చుట్టాన్ని దారిలోనే పట్టుకుందామని సెకండ్ హ్యాండ్ బైనాక్యులర్స్ ఒకటి కొన్నాను. ఫిబ్రవరిలో నాలుగు ఆదివారాలు సంగారెడ్డి వైపు ఒక ఊరి చెరువు కట్ట ఎక్కాను. మొదటి వారం అవతలి గట్టున బాతులు, తల మీద రెండేసి నల్ల పట్టీలున్నవి, నలభై దాకా మేస్తున్నాయి. మూడో వారానికి పద్దెనిమిది. నాలుగో వారం గట్టు మీద రెట్టలే మిగిలాయి. హిమాలయాల మీదుగా టిబెట్, మంగోలియా దారి పట్టాయన్నమాట. వీసా లేదు, సెండాఫ్ లేదు, ఒక్క గ్రూపులోనూ 'హ్యాపీ జర్నీ' లేదు.

కట్ట మీద బైనాక్యులర్స్ పట్టుకుని నిలబడిన మనిషికి ఏ గౌరవం దక్కుతుందో కూడా చెప్పాలి. గేదెల్ని తోలుకొస్తున్న ఒక పెద్దాయన నన్ను చూసి ఆగిపోయాడు.

"సర్వేనా సారూ?"

"కాదు తాతా, పిట్టల్ని చూస్తున్నా."

"పిట్టలనా? నిజం చెప్పు, రింగు రోడ్డు ఈడికెల్లి పడ్తదా?"

ఎంత చెప్పినా నమ్మలేదు. చివరికి బైనాక్యులర్స్ ఆయన కళ్ళకి పెట్టాను. చెరువు వదిలేసి నేరుగా తన పొలం హద్దురాయి వైపు తిప్పి, రాయి ఉన్నచోటే ఉందని తేలాక కుదుటపడ్డాడు. "పిట్టల కోసం పెట్రోలు పోసుకొని వచ్చినవా!" అని జాలిగా చూసి, అప్పుడు చెయ్యెత్తి చూపించాడు. "గా మోదుగులు చూడు. అవి పూసినయంటే చలి పోయినట్టే. కాముని పున్నానికి ఆ పూలే ఉడకబెట్టి రంగు చేస్తుంటిమి."

అరగంటగా నేను వాటికి వీపు పెట్టి నిలబడ్డానండీ.

ఒక్క ఆకు లేదు చెట్టుకి. మొగ్గల తొడిమలు నల్లటి ముఖమల్ గుడ్డలా ఉన్నాయి, వాటిలోంచి చిలక ముక్కుల్లాంటి నారింజ రేకలు వంపు తిరిగి బయటికొచ్చాయి. ఒక గోరింక మెడదాకా పూవులో దూరి, తల బయటికి తీసేసరికి నుదుటి మీద పుప్పొడి అద్దుకుని పెళ్ళిచూపులకి బయల్దేరినట్టుంది. తేనెపిట్టేమో అంత శ్రమ పడకుండా పక్కనుంచి ముక్కు గుచ్చి జుర్రుకుంటోంది. తమరికి పింకే కావాలంటే కట్ట చివర రావిచెట్టుంది. లేత చిగురు రాగి రంగు, వెనక నుంచి ఎండ పడితే అచ్చం పింకే. కానీ దాన్నెవరూ గ్రీటింగ్‌లో పెట్టరు. జపాన్‌లో పుట్టకపోవడం దాని తప్పు.

పాలపిట్ట సంగతి ఇంకా అన్యాయం. తెలంగాణకి రాష్ట్ర పక్షి. ఆంధ్రప్రదేశ్‌కీ అదే ఉండేది, 2018లో రామచిలుకకి మార్చుకున్నారు. దసరా నాడు దాన్ని చూస్తే శుభమని ఊరు ఊరంతా పొలాల మీద పడుతుంది. పంజరంలో పెట్టి చూపించి డబ్బులు పుచ్చుకునేవాళ్ళూ ఉన్నారు. నాలుగో ఆదివారం అది కరెంటు తీగ మీంచి నిటారుగా పైకి లేచి, అక్కడ బోల్తా కొట్టి, రెక్కల నీలం అంతా విప్పి, గొంతు చించుకుంటూ కిందికి దొర్లింది. పెళ్ళాన్ని వెతుక్కునే సర్కస్ అది. ఏడాదికొక్కసారి అసలు ఆట ఆడితే ప్రేక్షకులం నేనూ, రెండు గేదెలూ. మనం పిట్టకో పండగ కేటాయించేశాం కదా. తేదీ దాటాక కనిపిస్తే దానికి గుర్తింపు లేదు.

ఇక తమరు ఎవరి పేరుతో చలామణీ అవుతున్నారో ఆ కోకిల. అది ఎక్కడినుంచో రాదు, ఏడాది పొడుగునా ఇక్కడే ఉంటుంది. చలికాలం నోరు మూసుకుని ఉంటే మనం ఊళ్ళో లేదనుకుంటాం. కూసేది మగది. ఆడది గోధుమ రంగు ఒంటి మీద తెల్ల చుక్కలతో 'కిక్ కిక్' మంటూ ఆకుల చాటున తిరుగుతుంది. దానికి ఇంతవరకూ ఏ గ్రీటింగ్‌లోనూ చోటు లేదు. మామిడి చిగురు తిని గొంతు తీపెక్కించుకుంటుందని కవులు రాశారు. ఎక్కువగా అది తినేది రావి, మర్రి, వేప పండ్లు. గుడ్లంటారా, కాకి వైరు ముక్కలూ చీపురు పుల్లలూ ఏరుకొచ్చి కట్టుకున్న గూట్లో పెడుతుంది. అద్దె లేదు, అడ్వాన్సు లేదు, పైగా పిల్లల పోషణ కూడా ఇంటి ఓనరుదే. ఆ లెక్కన మీ బొమ్మలో ఒక మూల కాకిని పెట్టాలి. ఎవరూ పెట్టరు, అది ఇంకో తద్దినం గ్రూపులోకి వెళ్ళిపోతుంది.

ఉగాది పొద్దున ఆరున్నరకి మా వెనక వేపచెట్టు మీద మగది కూసింది. ఒక్కో కూతకీ స్వరం పెంచుకుంటూ పోయింది. అయిదో కూతకి రెండు కాకులు అరుస్తూ తరుముకున్నాయి, అది దొరక్కుండా వాటిని పక్క వీధి దాకా లాక్కుపోయింది. ఈలోపు చుక్కల పిట్ట ఒకటి చప్పుడు లేకుండా కొమ్మల్లోకి జారింది. నలభై సెకన్లు రికార్డు చేసి, 'మన వేపచెట్టు మీది నిజం కోకిల' అని రాసి గ్రూపులో పెట్టాను.

"క్లారిటీ లేదండీ" అన్నారు నాలుగో ఫ్లోరు వారు.

"ఆ కాకుల సౌండు కట్ చేసి మళ్ళీ పెట్టగలరా?" అన్నారు సెక్రటరీ గారు.

ఆ వెంటనే తమరు దిగారు, పదిహేడోసారి. నేనూ అలవాటు కొద్దీ రెండు చేతులు జోడించిన బొమ్మ నొక్కేశాను.

ఇట్లు,
తమరిని ఇంకా డిలీట్ చేయని
ఒక గ్రూపు సభ్యుడు