మా చెరువు గెడ్డ ఎక్కడికి పోయింది?

మొన్న మా కాలనీ వాట్సాప్ గ్రూపులో ఒకాయన ఇలా పెట్టారు: "దోమలన్నీ ఈ చెరువు వల్లే. సగం పూడ్చి పార్కు కట్టిస్తే పీడా వదిలిపోతుంది." దానికి వరసపెట్టి లైకులు. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఆయన మీద కోపంతో కాదు. ఆయన విజయనగరం వచ్చి ఆరేళ్లే అయింది, వచ్చిన దగ్గర్నుంచీ చూసింది గుర్రపుడెక్క కమ్మేసిన నీళ్లే. నేను ఈ గట్టు కిందే పుట్టాను. ఇన్నేళ్లుగా నోరు మూసుకుని కూర్చున్నందుకు బాధేసి రాస్తున్నాను.

నా చిన్నప్పుడు మా పేట ఊరి చివర ఉండేది. గట్టుకి ఇవతల ఇళ్లు, కింద వరి మళ్లు. మదుము మా పెదనాన్న చూసేవారు. మదుము అంటే చెరువు నీళ్లు మళ్లకి వదిలే తూము, పెద్ద యంత్రమేమీ కాదు. నిలబెట్టిన రాతి పలక, దానికి గుండ్రటి కన్నం, ఆ కన్నానికి గుడ్డ చుట్టిన కర్ర బిరడా. పెదనాన్న నడుం లోతు నీళ్లలో దిగి, కాలి వేళ్లతో తడిమి బిరడా ఎక్కడుందో పట్టుకుని, ఊపిరి బిగబట్టి లాగేవారు. గట్టు అవతల కాలవలో బుడగలు రాగానే "వచ్చీసింది బావూ" అని రైతులు కేకేసేవారు. ఏ మడికి ముందు, ఏ మడికి వెనక అన్నది గట్టు మీద రావిచెట్టు కిందే తేల్చుకునేవారు. తగువులు లేవని కాదు, బోలెడు ఉండేవి. కానీ పొద్దున్న తిట్టుకున్నవాళ్లే సాయంత్రం అదే రేవులో పక్కపక్కన కాళ్లు కడుక్కునేవారు. మా పేట మనుషులు ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా రోజు గడిచేది కాదు. ఆ గుణం మాకు చెరువే ఇచ్చింది.

అసలు మన ఊరి కథే చెరువు కథ కదా. కోట 1713లో మొదలైంది. 1757 జనవరిలో బొబ్బిలి యుద్ధం, ఆ యుద్ధం చివర మన రాజు విజయరామరాజు చనిపోవడం మనకి తెలిసిందే. ఆ దుఃఖంలోనే ఆయన చెల్లెలు పైడిమాంబ పెద్ద చెరువులో కలిసిపోయి అమ్మవారయిందనీ, పతివాడ అప్పలనాయుడు కలలో కనిపిస్తే ఆయన నీళ్లలోంచి విగ్రహాన్ని పైకి తీశారనీ మన పెద్దలు చెబుతారు. ఆ చెరువు దగ్గరే వనం గుడి వెలిసింది. దసరా వెళ్లిన మంగళవారం పూజారిని కూర్చోబెట్టిన పొడవాటి సిరిమాను తిరుగుతుందా, దాని ముందు బెస్తల వల నడుస్తుంది. తర్వాత పెద్ద చెరువులో తెప్పోత్సవం. అమ్మవారు నీళ్లలోంచి వచ్చిందని ఏటా ఆ వలని మోసి మరీ గుర్తు చేసుకునే ఊరు మనది. అలాంటి ఊళ్లో చెరువు పూడ్చమంటే లైకులు ఎలా కొట్టగలిగాం?

2014 అక్టోబర్ 12, హుద్‌హుద్. స్తంభాలు నేల మీద పడుకున్నాయి. రోజుల తరబడి కరెంటు లేదు, కరెంటు లేకపోతే బోరు లేదు. అపార్ట్‌మెంట్ల పైనున్న ట్యాంకులు రెండో రోజుకే ఖాళీ. మూడో రోజు తెల్లవారుజామున గట్టు మీద జనం వరస కట్టారు. బకెట్లు, పెయింటు డబ్బాలు, ఒకావిడ చేతిలో ప్రెషర్ కుక్కర్. అంతకుముందు ఎప్పుడూ గట్టెక్కనివాళ్లకి రేవులో ఏ మెట్టు జారుతుందో మా అమ్మ చెయ్యి పట్టుకుని చూపించింది. కడుక్కోవడానికీ, బాత్రూములకీ ఆ నీళ్లతోనే పేటంతా గట్టెక్కింది.

మరి అలాంటి చెరువు ఇలా ఎందుకయింది? అందరూ చెత్త వల్ల అంటారు. చెత్త వేస్తున్న మాట నిజమే, అందులో మా వీధీ ఉంది. కానీ అసలు దెబ్బ పడింది పైనుంచి నీళ్లు తెచ్చే గెడ్డకి. ఒకప్పుడు రెండెడ్లబండి దిగి ఎక్కేంత వెడల్పు ఉండేది. దాని పక్కన లేఅవుట్ వేసినవాళ్లు గ్రావెల్ తోలి, రోడ్డు కింద రెండడుగుల సిమెంటు తూర ఒకటి పెట్టి, మిగతాదంతా కప్పేశారు. గెడ్డ పడమటి ఒడ్డున ఇప్పుడు ప్రహరీగోడలే. వాన నీళ్లు ఆ తూరలో పట్టక వెనక్కి తన్ని మా వీధుల్లోకి వస్తున్నాయి. చెరువుకేమో మురుగు తప్ప కొత్త నీరు చేరదు. కొత్త నీరు లేక కళింగ (చెరువు నిండితే మిగులు నీరు బయటికి పోయే చోటు) పొర్లదు, కళింగ పొర్లక పాత నీరు కదలదు. కదలని మురుగులో గుర్రపుడెక్క పెరగక ఏం పెరుగుతుంది?

నేను చిన్నప్పుడు కళింగ దూకే రోజు బడికి ఎవరూ వెళ్లేవాళ్లం కాదు. రాళ్ల సందున మావులు (చేపలు పట్టే బుట్టలు) పెట్టి మట్టగిడసలు పట్టేవాళ్లం. మా అబ్బాయికి పదమూడేళ్లు. కళింగ దూకడం వాడు ఒక్కసారి కూడా చూడలేదు.

ఇప్పుడు సుందరీకరణ అంటున్నారు. చుట్టూ రెయిలింగు, టైల్సు, రంగు లైట్లు. నడవడానికి దారి ఉంటే మంచిదే, మా అమ్మ కూడా నడుస్తుంది. కానీ గెడ్డ తెరవకుండా ఎన్ని లైట్లు పెట్టినా మురుగునే కదా వెలిగించేది. పైగా వేసిన ప్లానులో రేవు మెట్లు లేవు. చాకళ్లు, బెస్తలు ఎక్కడ దిగాలో ఎవరూ అడగలేదు.

చట్టం లేదా అంటే ఉంది. చెరువు స్థలాన్ని ఇళ్ల పట్టాలుగా ఇవ్వడం చెల్లదని 2001లోనే హించ్‌లాల్ తివారీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మన రాష్ట్రంలో నీరు, నేల, చెట్లని కాపాడే వాల్టా చట్టం 2002 నుంచి అమల్లో ఉంది. నేను అర్జీ పట్టుకుని వెళ్తే "గెడ్డ ఉన్నట్టు ఆధారం చూపించండి" అన్నారు. నా కళ్లముందు పారిన గెడ్డకి ఆధారం కావాలట!

సరే, చూపిద్దాం. మా నాన్న కొన్న స్థలం దస్తావేజు తీసి చూశాను. హద్దుల దగ్గర "పడమర: చెరువులోకి పోవు గెడ్డ" అని ఉంది. ఇలాంటి కాగితాలు మా పేటలో కనీసం ఇరవై ఇళ్లలో ఉంటాయి. ఆదివారం పొద్దున్న ఆరింటికి మదుము దగ్గర ఉంటాను. మీ ఇనప్పెట్టెల్లోంచి పాత దస్తావేజులు తీసి, హద్దుల పేజీ జిరాక్సు పట్టుకుని రండి. పార్కు కావాలన్న ఆయనకీ ఫోన్ చేశాను, వస్తానన్నారు.