మేస్త్రీ "వద్దు" అంటే చేతకాక కాదు

వానలు మొదలవగానే హైదరాబాద్ అపార్ట్‌మెంట్ గ్రూపుల్లో ఈ మాట తిరుగుతుంది: "డాబా లీకేజీ పని వద్దనే మేస్త్రీకి పని రాదు, లేదా రేటు కోసం బెట్టు చేస్తున్నాడు. నీళ్లు దిగకుండా పూసే కెమికల్ మనమే తెచ్చిస్తే పూయడానికేం? కారితే బాధ్యత మాదే అని రాసిస్తే సరి." పని తెలిసినవాళ్ల ముందు ఇందులో ఏదీ నిలవదు.

"పూయడానికేం?" అసలు పొరపాటంతా ఇక్కడే ఉంది. జులైలో రెండు రోజులు ఎండ కాస్తే స్లాబు పైకి పొడిగానే కనిపిస్తుంది, చెమ్మ లోపలే ఉంటుంది. తెలుసుకోవాలంటే 18 అంగుళాల చదరం పాలిథిన్ షీటును స్లాబు మీద నాలుగు వైపులా టేపుతో అంటించి కనీసం 16 గంటలు వదిలేయండి. తీసేటప్పుడు అడుగున నీటి బొట్లున్నా, సిమెంటు నల్లబడినా ఆ రోజు కోటింగ్ వేయకూడదు. వేస్తే ఎండకి లోపలి తేమ ఆవిరై పైకి తంతుంది, కోటింగ్ బుడగలు లేచి కాలు పడిన చోటల్లా చిరుగుతుంది.

పైగా పూత ఆఖరి పని. ముందు సుత్తితో తట్టి, డొల్ల మోగిన ప్లాస్టరంతా కొట్టేయాలి. పగుళ్లను వెడల్పు చేసి పాలిమర్ మోర్టార్‌తో (పాలిమర్ కలిపిన సిమెంటు, ఇసుక ముద్దతో) నింపాలి. పిట్టగోడ, స్లాబు కలిసే మూలలో 2 అంగుళాల మేర ఏటవాలుగా మెత్తాలి. ఆ రెండూ ఒకేలా సాగవు, అందుకే పగులు అక్కడ త్వరగా వస్తుంది. వాలు పదడుగులకు అంగుళంపైనే ఉండాలి. పూత ఆరాక వాన నీళ్లు పోయే గొట్టాల మూతులు బిగించి 48 గంటలు నీళ్లు నిలబెట్టి చూడాలి. ఇవన్నీ వదిలేసి "ఊరికే పూసెయ్" అంటే మంచి మేస్త్రీ తప్పుకుంటాడు.

చేతకాక అంటారా? చేతకానివాడు ఏ పనీ వద్దనడు, అడ్వాన్స్ తీసుకుని పూసేసి వెళ్తాడు. పైన ఏమీ చేయకుండా కింది ఇంటి సీలింగ్‌కే పూయమన్నా ఒప్పుకుంటాడు. నీళ్లు వెనకనుంచి తోస్తాయి కాబట్టి అది పుట్టీతో సహా పెచ్చులుగా రాలుతుంది.

రేటు సంగతి. ఎక్కువ అడిగితే అది బేరం. ఎంతిచ్చినా ఇప్పుడొద్దు అంటే బేరం కాదు. బద్ధకంతో వద్దనేవాళ్లూ ఉన్నారు, నిజమే. కారణం అడగండి. తెలిసినవాడు మిమ్మల్ని డాబా మీదికి తీసుకెళ్లి చోటు చూపిస్తాడు.

రాసిచ్చిన కాగితం మీ బీరువాలో ఉంటుంది. మరక మాత్రం వచ్చినవాళ్లందరికీ కనిపిస్తుంది, "ఎవరు చేశారు?" అని అడుగుతారు. మేస్త్రీకి తర్వాతి పని వచ్చేది ఆ నోటిమాట మీదే. అతని పేరు పోయాక మీ సంతకం ఎందుకూ పనికిరాదు.

వానలు తగ్గేదాకా గొట్టాల మూతుల్లో ఆకులు, మట్టి తీస్తూ ఉండండి, కారే చోట టార్పాలిన్ కప్పండి. దసరా, దీపావళి దాటి స్లాబు ఆరాక అదే మేస్త్రీని పిలవండి.