అల్ప్రాజోలం దొరవారికి ఓ విన్నపం

మహారాజశ్రీ అల్ప్రాజోలం దొరవారికి,

అయ్యా, టెన్షన్ తగ్గించి నిద్ర పట్టించే మాత్రగా మీరు మా అక్క దగ్గరికి వచ్చింది రెండు వారాల కోసం. మీ బెంజోడయాజెపైన్ల వంశాన్ని మామూలుగా రెండు నుంచి నాలుగు వారాలకు మించి వాడకూడదంటారు. చుట్టపుచూపుగా వచ్చిన తమరు ఏళ్లు గడిచినా మంచం దిగలేదు.

మీ పనితనానికి వంక పెట్టను. మెదడులో అలజడిని అణిచే గాబా అనే రసాయనానికి మీరు బలం చేకూరుస్తారు. మొదట్లో అక్క పడుకోగానే నిద్రపోయేది. మీరున్నారు కదా అని మెదడు మెల్లగా తన వంతు పని తగ్గించుకుంది. ఇప్పుడు మీరు లేకపోతే నిద్ర రాదు, ఉన్నా అంతంతమాత్రం. జబ్బూ మీరే, మందూ మీరే!

మీ పెద్దన్న క్లోర్‌డయాజెపాక్సైడ్ 1960లో మార్కెట్లోకి వచ్చాడు. శరీరం మీకు అలవాటుపడిపోతుందని మందు కాగితంలో అన్నిటికన్నా గట్టి హెచ్చరిక పెట్టమని అమెరికా నియంత్రణ సంస్థ ఆదేశించింది 2020లో. షష్టిపూర్తి కానుకన్నమాట. ఆ సన్నటి అక్షరాలు ఎవరూ చదవరు కాబట్టి మీ పరువుకొచ్చిన ఢోకా లేదు.

ఇక మీ అలక. ఉన్నపళంగా పొమ్మంటే ఫిట్స్ తెప్పిస్తారు, ప్రాణం మీదికి తెస్తారు. అందుకే ఈ రాజమర్యాదలు. 2025లో అమెరికా వైద్య సంఘాలు ఇచ్చిన సలహా ప్రకారం రెండు నుంచి నాలుగు వారాలకోసారి 5 నుంచి 10 శాతం చొప్పున తగ్గించుకుంటూ రావాలి. అదీ డాక్టరు కనిపెట్టి చూస్తుండగా, మనిషిని బట్టి. కొందరికి నెలలు, కొందరికి అంతకన్నా ఎక్కువే పడుతుంది.

ఇక్కడే మీకు జీతం అడగని ఏజెంట్లు తయారవుతారు. వాళ్లు మా బంధువులే. "మనసు గట్టి చేసుకుంటే చాలమ్మా, నేనైతే రేపే ఆపేస్తా" అంటాడు మా బాబాయి. ఆయన జన్మలో మిమ్మల్ని మింగలేదు. మీకు అలవాటుపడ్డది అక్క నరాలు, మనసు గట్టిదనంతో వాటికేం పని? ఆయన మాట విని అక్క ఒక్కరోజులో ఆపేస్తే ఆసుపత్రిపాలు కావచ్చు. అక్కడ మళ్లీ మిమ్మల్నో, మీ వంశంలో ఇంకొకర్నో పిలుచుకోవాలి. ఇంతకన్నా నమ్మకమైన ఏజెంట్లు మీకు ఎక్కడ దొరుకుతారు?

మీకున్న అసలు విద్య వేషం కట్టడం. మోతాదు కాస్త తగ్గగానే చెమటలు, చేతుల వణుకు, గుండెదడ, చెంచా చప్పుడుకే ఉలిక్కిపడటం. "చూశారా, పాత టెన్షన్ తిరగబెట్టింది, మాత్ర ఉండాల్సిందే" అంటారు ఇంట్లోవాళ్లు. చాలాసార్లు అది పాత జబ్బు కాదు, పోనంటూ మీరు చేసే రభస. రెండూ ఒకే గొంతుతో అరుస్తాయి కాబట్టి ఏది ఏదో తేల్చాల్సింది డాక్టరే, మేం కాదు.

బావ మొదట్లో పోలీసు అవతారమెత్తి చాటుగా స్ట్రిప్పులో మాత్రలు లెక్కపెట్టేవాడు. అక్క కనిపెట్టింది. ఆరోజు ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు, ఆ ఘనతా మీదే. ఇప్పుడు మాత్రలు బావ దగ్గరే ఉంటున్నాయి, కానీ అక్కే ఇచ్చింది. ఎప్పుడు, ఎంత తగ్గించాలో ఆమే డాక్టరుతో మాట్లాడి చెబుతుంది. పొద్దున్నే "రాత్రి నిద్ర పట్టిందా?" అని అడగడం కూడా మానేశాం. ఆ ప్రశ్న రోజూ వింటుంటే పరీక్ష ఫలితాల కోసం నిలబడ్డట్టు ఉందని ఆమే అంది. అర్ధరాత్రి లేచి కూర్చుంటే మాలో ఎవరో ఒకరం పక్కన కూర్చుంటాం. కబుర్లు చెప్పమంటే చెబుతాం, లేదంటే ఊరుకుంటాం.

అన్నట్టు, వచ్చే తగ్గింపు ఈ నెల లేదు. అక్కకు ఆఫీసులో పని ఒత్తిడి ఎక్కువగా ఉందని, కొన్నాళ్లు ఇదే మోతాదులో ఉండమన్నారు డాక్టరు. దీన్ని తమ విజయమనుకుని ఊరేగింపు గట్రా పెట్టుకోండి, మాకేం అభ్యంతరం లేదు. పై నెల మళ్లీ కోత ఉంది.

ఇట్లు,
తమరి మంచం ఖాళీ కోసం ఎదురుచూస్తున్న,
ఆ అక్కకు చెల్లెలు