ముందు ఓటీపీ, తర్వాత కాన్పు

తొలి కాన్పు పుట్టింటివాళ్లే చేయాలన్న ఆనవాయితీ ప్రకారం తిప్పర్తి దగ్గర మా ఊరికి వచ్చి ఉన్న నాకు పోయిన వారం తెల్లవారుజామున నొప్పులు మొదలయ్యాయి. అమ్మ, పెద్దమ్మ కలిసి నన్ను 102 బండిలో నల్లగొండకు తీసుకువచ్చారు. ఏ ఆసుపత్రికన్నది చెప్పను. పాపకు ముందు ముందు వేయించవలసిన టీకాలు ఇంకా చాలా ఉన్నాయి. మా ఆయన హైదరాబాదు నుంచి బస్సులో వస్తున్నారు కనుక ఈ కథలో ఆయనకు పాత్ర లేదు.

పరీక్ష చేసిన డాక్టరమ్మ, ఇంకా సమయం పడుతుందని, కాస్త నడిస్తే మంచిదని, ఈలోగా కౌంటర్లో పేరు రాయించుకొని రమ్మని చెప్పింది. అమ్మ వెళ్తే ఆధార్ ఎవరిదో వాళ్లే రావాలని తిప్పి పంపారు. నేను వెళ్లాను. కౌంటర్లోని అబ్బాయి నా ముఖం చూడకుండానే ఆభా నంబరు, అంటే మన ఆరోగ్య రికార్డులకు ప్రభుత్వం ఇచ్చే నంబరు, అడిగాడు. నాకు లేదని చెబితే, ఆధార్‌కు లింకున్న ఫోన్ తీయమని, దానికి ఓటీపీ వస్తుందని చెప్పాడు. ఆభా తీసుకోవడం స్వచ్ఛందమేనని ప్రభుత్వమే చెబుతున్నది గానీ, ఆ మాట ఢిల్లీ నుంచి ఈ కౌంటర్ దాకా ఇంకా చేరినట్లు లేదు.

నా ఆధార్ తీయించిన రోజుల్లో మా ఇంటిల్లిపాదికీ ఉన్నది ఒకే ఫోను, అది మా నాయనది. నాయన ఆ పొద్దున ఊళ్లో వడ్లు కొనే ఐకేపీ కేంద్రంలో యాసంగి వడ్ల కుప్ప పక్కన ఉన్నాడు. ఫోన్ చేసి, ఏవో అంకెలు వచ్చి ఉంటాయి చదవమన్నాను. ఆయన ఒక్కొక్క అంకెనూ విత్తనం నాటినంత జాగ్రత్తగా చదివాడు. ఇక్కడ కంప్యూటర్ తప్పన్నది. మళ్లీ పంపించారు, మళ్లీ చదివాడు, మళ్లీ తప్పన్నది.

అసలు సంగతి ఏమిటంటే, వడ్లు అమ్మాలన్నా ఆధార్‌కు లింకైన ఫోన్‌కు ఓటీపీ రావలసిందే. నాయన పాపం వడ్ల అంకెలు నాకు, నా అంకెలు వడ్లకు చెబుతున్నాడు. అక్కడి ట్యాబ్ నన్ను తిరస్కరిస్తుంటే, ఇక్కడి కంప్యూటర్ వడ్లను తిరస్కరిస్తున్నది. ఆధార్ ఓటీపీ ఆయుష్షు పది నిమిషాలు, నా నొప్పులు అయిదు నిమిషాలకొకటి. అంటే ఒక్కొక్క ఓటీపీ లోపల రెండేసి నొప్పులు పడుతున్నాయి. నొప్పి ఉన్నప్పుడు నాకు మాట పెగలదు, నొప్పి తగ్గేసరికి నాయన ఫోన్ కలవదు. పైగా, కాన్పు కావాలంటే గర్భాశయ ముఖద్వారం పది సెంటీమీటర్లు తెరుచుకోవాలట. కౌంటర్ అద్దానికి కోసిన కంత అంతకన్నా పెద్దదేమీ కాదు, నేను వంగలేని నడుముతో వంగి దాంట్లోకి అంకెలు అరవాలి.

అన్నింటికన్నా ఘోరం మరొకటి ఉన్నది. మన దగ్గర నొప్పి పుడితే మనిషి అరిచేది "ఓ నాయనో" అనే గదా. నేను ఫోన్ చెవి దగ్గర పెట్టుకొని ఓ నాయనో అని అరవడం, అటునుంచి ఆయన "ఆఁ బిడ్డా, ఈడనే ఉన్న, చెప్పు" అనడం! నేను ఇంకా గట్టిగా అరిస్తే ఆయన నొచ్చుకొని, "కోపం చేస్తవెందుకే, సదువుతున్న గద! తేమ పదిహేడు లోపే వచ్చింది, కాంటా పెడ్తమన్నరు, ఈ నంబరే సతాయిస్తున్నది" అని తన గోడు చెప్పుకున్నాడు. వెనుక వరుసలో దగ్గు మందు కోసం నిలబడ్డ ఒక తాత, "ఆ పిల్లను ముందు లోపలికి పంపరాదయ్యా" అని కసిరితే, కౌంటర్లోని అబ్బాయి తల ఎత్తకుండానే "నేనేం చెయ్యాలె, సిస్టం తీసుకుంటలేదు" అన్నాడు. సిస్టం తీసుకోకపోతే నేను బిడ్డను ఆపుకోవాలి కాబోలు.

చివరికి అటుగా వచ్చిన సిస్టరమ్మ నా వాలకం చూసి, అబ్బాయిని నాలుగు మాటలని, నన్ను రెక్క పట్టుకొని ప్రసూతి గదికి తీసుకుపోయింది. మధ్యాహ్నానికి ఆడపిల్ల పుట్టింది, ఆభా లేకుండానే, క్షేమంగా, నాయన ముక్కుతో.

పేరు తర్వాత రాసుకున్నారు, ఫోన్ నంబరు మాత్రం ఆధార్‌లో ఉన్నదే ఎక్కించారు. మర్నాడు పాపకు పుట్టినప్పుడు వేయవలసిన బీసీజీ, హెపటైటిస్-బి టీకాలు వేసి, పోలియో చుక్కలు పోశారు. సాయంత్రం వడ్ల కుప్ప దగ్గర నుంచి నాయన ఫోన్ చేశాడు.

"బిడ్డా, వడ్ల పైసలు పడ్డయేమో అని సంబురంగ మెసేజ్ తెరిస్తే, నాకు బీసీజీ టీకా ఏసిన్రట. ఎప్పుడేసిన్రే?"