మెదడుకు కరెంటు: ఏ బిడ్డకు, ఎంత మేలు?

ఎదిగే మెదడు దెబ్బతిని కదలికలు అదుపు తప్పే సెరిబ్రల్ పాల్సీ ఉన్న పిల్లల తల్లిదండ్రులకు వినిపిస్తున్న ఆశల్లో మెదడుకు కరెంటు పెట్టే వైద్యం ఒకటి. అందులో నిజం లేకపోలేదు. ఏ రకం పిల్లలకు పనికొస్తుందో చెప్పకుండా ఆ ఆశను అమ్మడమే అన్యాయం.

1970లలోనే అమెరికన్ న్యూరోసర్జన్ ఇర్వింగ్ కూపర్ చిన్నమెదడు మీద ఎలక్ట్రోడ్లు అమర్చి, గొప్ప ఫలితాలు వచ్చాయన్నారు. వందల మందికి ఆపరేషన్లు జరిగాయి. కరెంటు ఎప్పుడు పారుతోందో రోగికీ, పరీక్షించే డాక్టరుకూ తెలియకుండా చూసినప్పుడు ఆ గొప్పతనం నిలవలేదు.

ఇప్పటి డీప్ బ్రెయిన్ స్టిమ్యులేషన్ పునాది ఇంకాస్త గట్టిది. మెదడు లోతుల్లోని గ్లోబస్ పాలిడస్‌లోకి సన్నని తీగలు పంపి, ఛాతీ చర్మం కింద బ్యాటరీ పెడతారు. సెరిబ్రల్ పాల్సీ వల్ల డిస్టోనియా వచ్చి, అంటే కండరాలు వాటంతటవే బిగిసి, ఒళ్లు మెలితిరిగే 13 మంది పెద్దవాళ్ల మీద ఫ్రెంచి వైద్యులు చేసిన అధ్యయనం 2009లో వెలువడింది. ఏడాదికి కదలికల స్కోరు సగటున 24 శాతం మెరుగైంది. మనిషికీ మనిషికీ తేడా మాత్రం చాలా ఉంది. జన్యులోపం వల్ల వచ్చే కొన్ని డిస్టోనియాల్లో ఇదే ఆపరేషన్‌తో సగానికి పైగా మేలు కనిపిస్తుంది. అక్కడ మెదడు నిర్మాణం దాదాపు చెక్కుచెదరదు. సెరిబ్రల్ పాల్సీలో పుట్టుక సమయంలో ఆక్సిజన్ అందకో, పసికామెర్లు ముదిరో నాడీమార్గాలే దెబ్బతిని ఉంటాయి. కరెంటు గాడి తప్పిన సంకేతాన్ని సర్దగలదు, తెగిన దారిని కొత్తగా వేయలేదు. అయినా మెడ మెలికలకు నిద్రపట్టని మనిషికి ఆ 24 శాతం చిన్నదేమీ కాదు.

అసలు చిక్కు వేరే ఉంది. ఈ పిల్లల్లో దాదాపు 80 శాతం మందిది కండరాలు బిగుసుకుపోయే స్పాస్టిక్ రకం. వాళ్లకు ఈ ఆపరేషన్ మామూలుగా చేసేది కాదు. వాళ్లకు ఫిజియోథెరపీ, బిగువు తగ్గించే బొటాక్స్ ఇంజెక్షన్లు, బాక్లోఫెన్ మందు, ఎంపిక చేసిన కొందరికి వెన్ను నరాల శస్త్రచికిత్స ఉన్నాయి.

కోత లేకుండా నెత్తి మీద నుంచి ఒకటి రెండు మిల్లీయాంపియర్ల కరెంటో, అయస్కాంత తరంగాలో పంపే పద్ధతుల మీదా పరిశోధన సాగుతోంది. ఒకవైపు చేయి బలహీనమైన పిల్లల మీద జరిగిన ముఖ్యమైన ప్రయోగాల్లో దాన్ని గంటల తరబడి చేతి శిక్షణతో కలిపే ఇచ్చారు. ఫలితాలు ఒకేలా లేవు. శిక్షణను పక్కనపెట్టి యంత్రానికే ప్యాకేజీ కట్టే చోట నాకు అనుమానమే.

కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్ట్ ఇలాంటి వైకల్యాలున్న వారికి ఇచ్చే నిరామయ ఆరోగ్య బీమా ఏడాదికి లక్ష రూపాయల వరకు ఇస్తుంది. థెరపీ ఖర్చూ అందులో వస్తుంది. మెదడులో పెట్టే పరికరం ధరే అంతకు కొన్ని రెట్లు. అప్పు చేసే ముందు డాక్టరును అడగాల్సింది యంత్రం గురించి కాదు: మా బిడ్డది స్పాస్టిసిటీనా, డిస్టోనియానా, రెండూ కలిసి ఉన్నాయా?